పట్టభద్రుల తొలి కొలువు: ఒక చారిత్రక పరిశీలనము



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు ఒక చరిత్ర వ్యాసమును వ్రాసి పంపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మన కులోత్పత్తిని గూర్చియో, పూర్వరాజులు మన పెద్దలకిచ్చిన గౌరవములను గూర్చియో వ్రాయుదుమని వారు తలంచియుందురు. అట్టి వ్యాసములు మన సంచికలలో పెక్కులు వెలువడినవి, అవి యుండదగినవే. కాని నేడు మన యిండ్లలో వినవచ్చు ప్రశ్న వేఱొకటి. "చదువు ముగిసినది గదా, ఇక ఉద్యోగ మెప్పుడు?" అని తల్లి యడుగును. తండ్రి మాటాడడు. కుమారుడు తల వంచుకొనును. పట్టమును చేతబట్టిన నాటినుండి తొలి జీతమును చేతబట్టిన నాటివఱకు నడుమనుండు కాలము ఆ యింటివారి కెల్లరకును అగ్నిపరీక్ష వంటిది.

ఈ ప్రశ్న మన కాలమున పుట్టినదనియు, ఈ కష్టము మన బిడ్డలకే ప్రాప్తించినదనియు పలువురు భావించుచున్నారు. అది సరికాదు. ఈ దేశమున విశ్వవిద్యాలయములు వెలసిన నాటినుండియు ఈ ప్రశ్న వానిని నీడవలె వెన్నంటి వచ్చుచున్నది. దాని చరిత్రను తెలిసికొనినచో మన కర్తవ్యమును గూర్చి కొంత స్పష్టత కలుగునని తలంచి ఈ వ్యాసమును వ్రాయ సాహసించితిమి. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

1. మగ్గముకడ ఈ ప్రశ్న లేకుండెను

మన పెద్దలకు ఉద్యోగాన్వేషణ మనునది తెలియదు. నేతగాని యింట పుట్టిన బిడ్డ మొదట కండెలు చుట్టును. పిమ్మట పడుగు సవరించుట నేర్చును. కాళ్లు తొక్కుడుచెక్కల కందిన నాడు గుంటలో కూర్చుండి నాడె విసరును. చదువును కొలువును అచట ఒక్కటే. పరీక్ష యెప్పుడు ముగిసినదో, పని యెప్పుడు మొదలైనదో చెప్పజాలము. 1611వ సంవత్సరమున ఆంగ్లేయుల యోడ మచిలీపట్టణము చేరినప్పుడు వారు వెదకుచు వచ్చినది మన తీరమున నేయబడిన వస్త్రములనే. వారికి ముందే డచ్చివారు అచట వర్తకశాలను నెలకొల్పియుండిరి.

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రముల బట్ట ఈ దేశమును ముంచెత్తినది. నేతపని యుండెను గాని కూలి చాలకపోయెను. అప్పుడే మన వారిలో కొందఱు, "మగ్గము మనతో పోవును గాక, బిడ్డ నాలుగక్షరములు నేర్చి కచ్చేరీలో కూర్చుండవలెను" అని తలపోసిరి. కులవృత్తి యను పూచీ వదలిన నాడే తొలి కొలువను ప్రశ్న మన గడప త్రొక్కినది. ఇది మనకు మాత్రమే కలిగిన గతి కాదు. చేతిపనుల మీద బ్రతికిన కులముల కన్నింటికిని ఇదియే గతి.

2. కచ్చేరీ వాకిటి నిరీక్షకులు

విశ్వవిద్యాలయములు పుట్టకమునుపు ఉద్యోగములు ఎట్లు లభించెడివి? కుంపిణీ కాలమున గుంటూరు వంటి మండలములలో హుజూరు కచ్చేరీలయందు జీతములేక పనిచేయు "వాలంటీర్లు" ఉండెడివారు. వారు శిరస్తాదారుని యొద్దనో, మఱియొక బంధువు నొద్దనో చేరి, వ్రాతకోతలు చేయుచు, ఎవరైన పోయినచో ఆ స్థానము తమకు రాకపోవునా యని సంవత్సరముల తరబడి కనిపెట్టుకొని యుండెడివారు. ఉద్యోగములు బంధుకోటిలోనే తిరుగాడెడివి. ఇది మితిమీఱుటచేతనే 1854వ సంవత్సరమున చెన్నపురి రెవెన్యూ బోర్డువారు, జిల్లా యుద్యోగములు కొన్ని కుటుంబముల యేకస్వామ్యము కాకుండ ప్రధాన కులముల నడుమ పంచబడవలెనని కలెక్టర్లకు ఆజ్ఞను జారీచేసిరి. ఆ యాజ్ఞ చాలకాలము కాగితముమీదనే యుండెను. ఐనను, బంధుత్వమే యర్హతయైనచో రాజ్యమునకు కీడని పాలకులే యొప్పుకొనిన పత్రమది.

చదువునకును ఉద్యోగమునకును ముడివేసిన తీర్మానము అంతకు పదియేండ్ల ముందే వెలువడెను. 1844వ సంవత్సరమున గవర్నరు జనరలు హార్డింజి ప్రభువు, ఆంగ్ల విద్యాశాలలలో చదివి యోగ్యులైనవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్య మీయవలెనని ప్రకటించెను. 1854నాటి వుడ్డు విద్యాపత్రమును ఈ భావమునే బలపఱచినది. కావున ఈ దేశమున ఆంగ్లవిద్య మొదటినుండియు కొలువునకు ద్వారముగనే ప్రజల కన్నులకు కనబడెను. జ్ఞానము కొఱకు చదివినవారు లేకపోలేదు; కాని తండ్రి గేదెనమ్మి రుసుము కట్టినది జ్ఞానము కొఱకు కాదు. ఈ సత్యమును దాచిపెట్టి విద్యార్థులను నిందించుట న్యాయము కాదని మా మతము.

3. తొలి పట్టభద్రులు

1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, చెన్నపురములలో విశ్వవిద్యాలయములు వెలసినవి. చెన్నపురి విశ్వవిద్యాలయమునుండి తొలుత పట్టమునొందిన వారిద్దఱు, దామోదరం పిళ్లగారును విశ్వనాథ పిళ్లగారును. 1858వ సంవత్సరమున వారు ఉత్తీర్ణులైరి. ఇరువురును యాళ్పాణమువారు. దామోదరం పిళ్లగారు ఉపాధ్యాయులుగ నుండి, పిమ్మట ప్రభుత్వపు లెక్కల శాఖలో పనిచేసి, తుదకు పుదుక్కోట సంస్థానమున న్యాయాధిపతిత్వమును వహించిరి. ఆయన నేడు స్మరింపబడునది ఆ యుద్యోగములచేత కాదు. తాళపత్రములలో శిథిలమగుచుండిన ప్రాచీన ద్రావిడ గ్రంథములను పరిష్కరించి అచ్చొత్తించుటచేత. తొలి కొలువు మనుజుని తుది విలువ కాదనుటకు మొట్టమొదటి పట్టభద్రుడే దృష్టాంతము.

స్త్రీల విషయమున 1883వ సంవత్సరము స్మరణీయము. ఆ యేట కలకత్తా విశ్వవిద్యాలయమున కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బోస్ అను నిరువురు వనితలు పట్టములనొందిరి. చంద్రముఖి బెత్యూను కళాశాలలో అధ్యాపకురాలయ్యెను. కాదంబిని వైద్యవిద్య నభ్యసించి వైద్యురాలయ్యెను. మన సంఘమున కుమార్తెల చదువును వివాహమునకు పూర్వాంగముగ మాత్రమే యెంచు పెద్దలు ఈ సంగతిని గమనింతురు గాక.

సీమనుండి వచ్చు దొరల కొలువుల కథ వేఱు. సివిలు సర్వీసునకు 1855వ సంవత్సరమునుండి లండనున బహిరంగ పరీక్ష జరిగెడిది. సముద్రము దాటి పోయి 1863వ సంవత్సరమున దానిలో తొలుత కృతార్థుడైన భారతీయుడు సత్యేంద్రనాథ ఠాకూరు. ఆ పరీక్షను ఈ దేశమునందును జరుపుట 1922వ సంవత్సరమున గాని మొదలు కాలేదు. దారి యున్నదనుటకును, ఆ దారి అందఱకును తెఱవబడి యున్నదనుటకును ఎంత భేదమో ఈ యఱువదియేడేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

4. మన మహనీయులు తొలుత ఏ పని చేసిరి?

మన యువకులు కందుకూరి, గురజాడ, గిడుగు నామములను వల్లించుదురు. కాని వారు తమ యిరువదవ యేట జీవనము కొఱకు ఏమి చేసిరో యెఱుగరు. అది తెలిసికొనిన ధైర్యము కలుగును.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు పూర్తిగా పట్టభద్రులు కారు, ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణులు. కోరంగిలోను ధవళేశ్వరములోను పాఠశాలలయందు ఉపాధ్యాయత్వముతో వారి జీవితము మొదలయ్యెను. 1874వ సంవత్సరమున వివేకవర్ధనిని స్థాపించిరి. చిన్న పల్లెలోని బడిపంతులు కొలువు ఆంధ్రదేశమును కదల్చుటకు అడ్డు రాలేదు.

గురజాడ అప్పారావుగారు 1884వ సంవత్సరమున విజయనగరమున మహారాజావారి ఉన్నత పాఠశాలలో నెలకు 25 రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగ చేరిరి. 1886వ సంవత్సరమున బి.ఏ. పట్టమునొందిరి. అదే యేట డిప్యూటీ కలెక్టరుగారి కచ్చేరీలో హెడ్డు గుమాస్తాగ పనిచేసిరి. 1887వ సంవత్సరమున మహారాజావారి కళాశాలలో 100 రూపాయల జీతముపై అధ్యాపకులైరి. మూడేండ్లలో మూడు కొలువులు! ఒక కొలువున కుదురుకొనని కుమారుని గాంచి కోపించు తల్లిదండ్రులు ఈ లెక్కను మఱల చదువుదురు గాక.

గిడుగు రామమూర్తి పంతులుగారు ప్రవేశపరీక్ష ముగించి 1880వ సంవత్సరమున పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. వారికి కొలువు ముందు, పట్టము వెనుక. పాఠములు చెప్పుకొనుచునే స్వయముగ చదివి బి.ఏ. పూర్తిచేసిరి. ఆ పర్లాకిమిడి నివాసమే వారిని సవరల చెంతకు చేర్చి, ఆ భాషను నేర్చి దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చు కార్యమునకు పురికొల్పెను.

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నాగపురమున చదివి సర్కారు వాకిటికి పోక, మునగాల సంస్థానమున దివానుగిరిని స్వీకరించిరి. ఆ సంస్థానాధిపతి ప్రోద్బలముతోనే 1901వ సంవత్సరమున హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906వ సంవత్సరమున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించుటలో ముఖ్యులైరి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో పట్టమునొంది, కలకత్తా బొంబాయి నగరములలో పరుల వ్యాపారములందు పనిచేసి, ఆ యనుభవముతో 1893వ సంవత్సరమున అమృతాంజనమును నెలకొల్పిరి. 1908వ సంవత్సరమున ఆంధ్రపత్రిక వెలువడినది ఆ యౌషధపు రాబడితోనే.

ఇందు రెండు విషయములు గమనింపదగును. మొదటిది, అక్షరాస్యత యరుదైన ఆ కాలమున పట్టభద్రునకు పని దొరకుట అంత కష్టము కాలేదు. రెండవది, ఈ మహనీయులలో మనవంటి నేతగాండ్రు లేరు. అందఱును అక్షరము తరతరములుగ నెలకొనిన యిండ్లవారు. ఈ మాట ఈర్ష్యతో చెప్పుట లేదు; చరిత్రము గావున చెప్పుచున్నాము. పరుగుపందెమున కొందఱు ముందుగీతనుండియు, కొందఱు వెనుకగీతనుండియు బయలుదేరిరి.

5. సిఫారసునుండి పరీక్షకు

ఇరువదవ శతాబ్దమున పట్టభద్రుల సంఖ్య పెరిగినది. కొలువులు ఆ వేగమున పెరుగలేదు. నిరుద్యోగమను మాట పత్రికల కెక్కినది. సంయుక్త రాష్ట్రములలో 1934వ సంవత్సరమున తేజ బహదూరు సప్రూగారి యాధ్వర్యమున ఈ విషయమును విచారించుటకే ఒక సమితి యేర్పడినది.

చెన్నరాష్ట్రమున ఈ కాలముననే రెండు పెద్ద మార్పులు జరిగినవి. జస్టిసు పక్షపు ప్రభుత్వము 1921వ సంవత్సరమున కొలువులను వివిధ వర్గములకు పంచుటకై ఉత్తరువును వెలువఱచెను. 1924వ సంవత్సరమున స్టాఫు సెలెక్షను బోర్డు నేర్పఱచిరి. 1929వ సంవత్సరమున శాసనము చేసి సర్వీసు కమిషనును స్థాపించిరి. దేశమున ఏ రాష్ట్రమునకును లేని సంస్థ చెన్నరాష్ట్రమునకు అప్పుడు లభించినది. దొరగారి గుమాస్తాను ఆశ్రయించుటకు బదులు అభ్యర్థి దరఖాస్తు పెట్టి పరీక్షకు కూర్చుండుట మొదలైనది. 1926వ సంవత్సరమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసి, పట్టము కొఱకు చెన్నపురికి పోవలసిన యగత్యమును తగ్గించినది.

నిజాము రాష్ట్రమున కథ మఱియొక రీతిగ నడచెను. 1918వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసెను. పైనుండి వచ్చువారే కొలువుల నాక్రమించుచున్నారను స్థానికుల మొఱ పూర్వమునుండియు కలదు. దాని ఫలముగ 1919నాటి ఫర్మానా ముల్కీలకు, అనగా ఆ రాజ్యమున 15 ఏండ్లు స్థిరముగ నివసించినవారికి, కొలువులను ప్రత్యేకించెను. ఈ ముల్కీ సమస్య నిజాము పాలనతో ముగియలేదు. 1952వ సంవత్సరమున విద్యార్థులు వీథులకెక్కిరి. 1956వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ మేర్పడినది. 1969వ సంవత్సరమున తెలంగాణమును, 1972 చివరను 1973 తొలినాళ్లను ఆంధ్రమును ఉద్యమములు కుదిపినవి. 1973వ సంవత్సరమున షట్సూత్ర పథకమును, రాజ్యాంగమునకు 32వ సవరణమును వచ్చినవి. 1975నాటి రాష్ట్రపతి యుత్తరువు స్థానికులకు కొలువులలో పాలును నిర్ణయించినది. 2014వ సంవత్సరము జూను 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మవతరించుటకు మూలమైన నినాదమున నీళ్లతోను నిధులతోను పాటు నియామకములును చేరియుండుట లోకవిదితము. ఒక యువకుని తొలి కొలువు ఇంటిలోని చిన్న సంగతిగ కనబడును; లక్షలాది యువకుల తొలి కొలువులు రాష్ట్రముల యెల్లలనే మార్చినవి.

6. స్వాతంత్ర్యానంతరము

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945వ సంవత్సరమున సేననుండి విడుదలయైన వారికి పని చూపుటకై ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు తెఱవబడి, పిమ్మట ఎల్లరకును అందుబాటులోనికి వచ్చినవి. 1959నాటి శాసనము ఖాళీలను ఎక్స్ఛేంజీలకు తెలుపుట విధిగ చేసినది. మా తరమువారికి ఆ కార్యాలయపు చీటి ఒక తాయెత్తు వంటిది. దానిని మడతపెట్టి పెట్టెలో దాచి, గడువునకు ముందే పునరుద్ధరించుకొని, పిలుపు వచ్చునని తపాలా జవానుని కొఱకు వీథియరుగుపై కూర్చుండెడివారము. 1996వ సంవత్సరమున, కృష్ణామండలమున పుట్టిన యొక వ్యాజ్యమునందు సర్వోన్నత న్యాయస్థానము, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టక, పత్రికలలోను ప్రకటించి దరఖాస్తు చేసిన యోగ్యులనందఱను పరిశీలింపవలెనని తీర్పుచెప్పెను. తాయెత్తు మహిమ నాటితో తగ్గినది.

మన కులమునకు ముఖ్యమైన సంవత్సరము 1970. అనంతరామన్ సంఘము నివేదిక ననుసరించి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వెనుకబడిన తరగతులను నాలుగు వర్గములుగ విభజించి విద్యలోను కొలువులలోను నూటికి 25 పాళ్లను కేటాయించెను. నేత మొదలగు వృత్తుల కులములు బి వర్గమున చేరినవి. 1972వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించెను. వెనుకగీతనుండి బయలుదేరిన వారికి కొంత దూరము తగ్గింపబడినది. మా తరమున మన యిండ్లనుండి ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఇంజనీర్లు వెడలుటకు ఇదియే ముఖ్య కారణము. ఈ మేలును మఱచి, "నా ప్రతిభచేతనే వచ్చినాను" అని పలుకు మనవారిని చూచినప్పుడు మాకు విచారము కలుగును.

7. మా యనుభవము, మా యపరాధము

ఇచట మా సంగతిని కొంత చెప్పుకొనవలసియున్నది. మా తండ్రిగారు గుంటమగ్గమున నేయుచుండిరి. మా తల్లిగారు కండెలు చుట్టుచుండిరి. మేము 1980వ సంవత్సరమున సంస్కృతము ప్రధానముగ పట్టమునొంది, పిమ్మట పండిత శిక్షణమును ముగించితిమి. "సాలెవాని కొడుకు సంస్కృతము చదివి యేమి చేయును?" అని యడిగినవారిలో మనవారును కలరు. నాలుగేండ్లు నిరీక్షించితిమి. ఆ కాలమున ఒక విద్యాలయమువారు మమ్ము చేర్చుకొని, పూర్తి జీతమునకు చేవ్రాలు పుచ్చుకొని సగము చేతబెట్టెడివారు. ఆ సగముతోనే రెండేండ్లు బ్రతికితిమి. 1985వ సంవత్సరమున ఎంపికలో నెగ్గి జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో పండితులమైతిమి. తొలి జీతమును తెచ్చి తల్లిగారి చేతబెట్టగా ఆమె దానిని లెక్కపెట్టలేదు; మగ్గముమీద నుంచి దండము పెట్టినది.

ఇంతవఱకు చెప్పుట సులభము. ఇక చెప్పబోవునది కష్టము. మాకు కొంత పేరు వచ్చిన పిమ్మట, ఒక ప్రైవేటు పాఠశాల కార్యదర్శి మాకు పరిచితు డగుటచేత, మా దగ్గరి బంధువుల కుమారునకు సిఫారసు లేఖ వ్రాసి యిచ్చితిమి. అతనికి కొలువు లభించినది. ఆ స్థానమునకే మా యూరి బాలుడొకడు, మన కులమువాడే, మా శిష్యుడే, దరఖాస్తు పెట్టియుండెనని మాకు పిమ్మట తెలిసినది. వానికి మార్కులు హెచ్చు. వాని యింట పట్టమునొందిన మొదటివాడు వాడే. వాని తండ్రి నేసిన పంచెలనే మేము మా వివాహమున ధరించితిమి. వాడు రెండేండ్లు వేచి, విసిగి, సూరతుకు పోయి మఱమగ్గముల కార్ఖానాలో చేరెను. చాలకాలమునకు ఊరి జాతరలో కనబడి, నమస్కరించి, "మాస్టారూ! నాకు మార్కులుండె, ఉత్తరము లేకపోయె" అని మాత్రము పలికెను. ఆ మాటలో కోపము లేదు. ఉండినచో మాకు కొంత యూఱట కలిగెడిది.

కులమునకు మేలుచేయుచున్నామని తలంచి ఆ లేఖను వ్రాసితిమి. నిజమునకు కులమునకు చేసినదేమి? మన యింటి దీపము నొకదానిని వెలిగించుటకు మన యింటి దీపము నొకదానిని ఆర్పితిమి. గుంటూరు కచ్చేరీలో శిరస్తాదారుడు చేసిన పనికిని మేము చేసిన పనికిని భేదమేమి? బంధుత్వము మూలమున మన తాతలు వెలుపల నిలువబడిరని వాపోవుచు, ఆ పద్ధతినే మనలో మనము నడుపుకొనుట తగునా?

8. నేటి స్థితి

1998వ సంవత్సరమున హైదరాబాదున సైబరు టవర్సు ప్రారంభింపబడినది. కళాశాలలకే కంపెనీలు వచ్చి, చదువు ముగియకముందే యెంపిక చేయు పద్ధతి వ్యాపించినది. మన బిడ్డలు పెక్కుమంది దానివలన బాగుపడిరి; అమెరికా, ఆస్ట్రేలియాలకు పోయి నేటి మహాసభకు పోషకులుగను నిలిచిరి. కాని కంపెనీలు అన్ని కళాశాలలకును రావు. పెద్ద నగరములలోని కళాశాలలకు వచ్చినవి పెడన, చీరాల, పోచంపల్లి, గద్వాల వంటి నేతయూళ్ల చెంతనున్న కళాశాలలకు వచ్చుట యరుదు. మన బీదపిల్లలు చదువునది అచటనే.

సర్కారు పరీక్షల సంగతియు తెలిసినదే. తెలంగాణమున 2022వ సంవత్సరము అక్టోబరున జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రము వెల్లడియైన కారణమున 2023 మార్చిలో రద్దయ్యెను; మఱల జూనులో జరిపిన పరీక్షయు న్యాయస్థానమున నిలువలేదు. కోచింగు సెంటరు చెంత గది నద్దెకు తీసుకొని, ఇంటినుండి వచ్చు సొమ్ముతో దినములు లెక్కపెట్టుకొను యువకుని గూర్చి తలపోయుడు. వాని సోమరితనము గాని దురదృష్టము గాని యిందు కారణము కాదు. తొలి కొలువు రాకపోవుట వ్యక్తి దోషము కాదనుటయే ఈ చరిత్ర చెప్పు మొదటి పాఠము.

9. మన సంఘ కర్తవ్యము

ఈ మహాసభలో పోషకుల విరాళముల వినియోగమును గూర్చి చర్చ జరుగునని వింటిమి. కల్యాణమండపమును విస్తరింపవలెనని కొందఱును, విద్యార్థి వసతిగృహమును బాగుచేయవలెనని కొందఱును అభిప్రాయపడుచున్నారట. మండపము వలదని మేము చెప్పము. ఐనను ఉద్యోగములేని వరుని కొఱకు మండప మెవ్వరు తెఱతురు? కావున ఈ క్రింది మనవులను సభవారి ముందుంచుచున్నాము.

మొదటిది: వసతిగృహమున ఒక పఠనమందిరము నేర్పఱచి, పట్టమునొందినవారిని రెండేండ్లవఱకు అచట నుండనీయవలెను. నేటి నియమము ప్రకారము చదువు ముగిసిన నాడే గది ఖాళీచేయవలసియున్నది. ఆశ్రయము ఎక్కుడుగ కావలసిన నాడే మనము తలుపు మూయుచున్నాము.

రెండవది: మన పోషకులలో వస్త్రదుకాణములు, మిల్లులు, సాఫ్టువేరు కంపెనీలు గలవారున్నారు. అప్రెంటిసుల శాసనము 1961వ సంవత్సరముననే పుట్టినది. 1973నాటి సవరణముచే పట్టభద్రులైన ఇంజనీర్లును దాని పరిధిలోనికి వచ్చిరి. ఒక్కొక్క పోషకుడు ఏటేట ఇద్దఱకో మువ్వురకో పని నేర్పి భృతి యీయవలెను. భృతిలేని పని నేర్పుట కాదు. అది వెనుకటి వాలంటీరు పద్ధతియే. ఎంపిక ప్రకటన మూలమునను, పరీక్ష మూలమునను జరుగవలెను. బంధుత్వము మూలమున కాదు.

మూడవది: సంఘ కార్యవర్గమువారు ఎవ్వరికిని సిఫారసు లేఖ లీయరాదని తీర్మానింపవలెను. ఈ మనవిని చేయుటకు మాకు గల యర్హత మా యపరాధమే.

నాలుగవది: వసతిలోను భృతిలోను కుమార్తెలకు సగపాలు ఉండవలెను.

ఐదవది: మన కులమున పట్టమునొందిన ప్రతివారి పేరును, ఏ యేట పట్టము వచ్చినదో, ఏ యేట తొలి కొలువు వచ్చినదో యొక పుస్తకమున వ్రాయించుచుండవలెను. నడుమ గడచిన సంవత్సరములను కూడినచో మన కష్టమెంతయో మనకే తెలియును. ముప్పదియేండ్ల పిమ్మట మఱియొక బడిపంతులు ఈ చరిత్రను కొనసాగించుటకు అది ఆధారమగును. ఆ పుస్తకమున సూరతుకు పోయిన మా శిష్యుని పేరును తప్పక చేర్పవలెనని ప్రార్థించుచున్నాము.

పడుగు ఎంత గట్టిదైనను పేక లేనిదే వస్త్రము కాదు. చదువు పడుగు, పని పేక. మన బిడ్డలు పడుగును తామే కష్టించి సాగదీసికొనిరి. పేక యందించు చేయి పెద్దలది. ఆ చేయి తనవారి పరవారి భేదము లేక చాపబడునుగాక యని కోరుచు, మహాసభ దిగ్విజయముగ జరుగునుగాక యని యాశించుచు విరమించుచున్నాము.

శుభం భూయాత్.